భాగీరథమ్మ దమ్మయ్యలు

కాటన్‌పేటలో భాగీరథమ్మ ఇల్లెక్కడని అడిగితే తెల్లమొహం వేస్తారు. ‘దమ్మయ్య అవ్వ’ అంటే మాత్రం పాలవాడు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మం చూపిస్తాడు. బతిమాలడానికి కన్నడిగులు వాడే ఆ మాటను ఆవిడ తన తెలుగులోకి తెచ్చుకుని, వాడకంలో వాళ్ళనే మించిపోయింది.

పోనీ అన్నిసార్లూ బతిమాలుతుందా అంటే అదీ లేదు. కూరగాయల బండి దగ్గర ‘దమ్మయ్య, ఇంకో గుప్పెడు వెయ్యప్పా’ అందంటే, వేసేదాకా కదలనని. పక్కింటి జయమ్మతో ‘దమ్మయ్య, ఎవరికీ చెప్పొద్దు’ అందంటే, సాయంత్రంలోగా వీధంతా తెలియాలని. తిష్ట వేసిన చుట్టంతో ‘దమ్మయ్య, ఇంకో రోజుండి పోరాదా’ అంటే, ఇక బ్యాగు సర్దుకోమని. భర్త గోపాలప్ప టీవీ చప్పుడు పెంచితే అదే మాట పళ్ళ సందునుంచి వస్తుంది; ఆయన మారుమాట్లాడకుండా తగ్గిస్తాడు. సన్నగా కారే కుళాయి దగ్గర మాత్రం నిజంగానే ప్రాధేయపడుతుంది. ఇంత చాకిరీ చేసే మాట ఇంకోటి ఉంటే చెప్పండి, వింటాను.

ఆ చలికాలం ఆవిడకి ఒకటే కోరిక. కోడలు అర్చన మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి.

కొడుకు యశ్వంత్ జ్వరంతో పోయి మూడేళ్ళయింది. అర్చనకి అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. కె.ఆర్.పురం దగ్గర ఆఫీసుకు వెళ్ళొస్తూ, అత్తమామల్ని కనిపెట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. అదే ఆఫీసులో పనిచేసే రాఘవేంద్ర ఓ రోజు నేరుగా ఇంటికే వచ్చి, పెద్దవాళ్ళిద్దరి ముందు కూర్చుని, అర్చన ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఒప్పుకోనిది అర్చనే. ‘దమ్మయ్య, చేసుకోవే’ అని అత్త, ‘పోయి కుళాయికి చెప్పుకో అత్తా’ అని కోడలు. రోజూ ఇదే వరస. నవ్వులాటలో అసలు సంగతి కొట్టుకుపోయేది.

ఆదివారం ఇద్దరూ పితికిపప్పుకు కూర్చున్నారు. నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ళతో నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది. చేతులకి పని, నోటికి తీరిక. ఊళ్ళో ఊసులన్నీ ఆ గిన్నె చుట్టూ జరగాల్సిందే. అలాంటిది, ఆ పూట భాగీరథమ్మ ఉలకదు పలకదు.

“ఒంట్లో బాగుండాదా అత్తా?”

“బాగుండాది.” గింజ చేతిలోనే ఆగిపోయింది. “అర్చనా, ఆ అబ్బాయి పేరెత్తినప్పుడు నీ మొగం చూసినా. నీకూ ఇష్టమే. మేం ఒంటరోళ్ళం అయిపోతామని కదా వద్దంటా ఉండావు? మా కోసం నువ్వు ఆగొద్దమ్మా. నువ్వు సుఖంగా ఉంటే నేను చూడాల. అంతే నాకు కావాల్సింది.”

‘దమ్మయ్య’ ఎప్పుడు వస్తుందా అని అర్చన కాచుకుంది, వస్తే నవ్వేసి తప్పించుకుందామని. రాలేదు. అత్త కళ్ళనిండా నీళ్ళు. ఇన్నాళ్ళూ విన్నదంతా ఒకెత్తు, ఇవాళ్టి బతిమాలడం ఒకెత్తు అని అర్చనకి అర్థమయింది.

“చేసుకున్నా, నాకు కన్యాదానం చేసేవాళ్ళు ఎవరుండారత్తా?” అంది, అదైనా సాకవుతుందేమోనని.

“మేం లేమా? నేనూ మీ మామా పీటల మీద కూచుంటాం.”

“కోడలికి అత్తమామలు కన్యాదానం చేస్తారా యాడన్నా?”

“యాడా చెయ్యకపోతే కాటన్‌పేటలో చేస్తారు!”

హాల్లో టీవీ ఆగిపోయింది. గోపాలప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు పోయినప్పటినుంచీ ఇంట్లో ఏ నిర్ణయానికీ నోరు విప్పని మనిషి.

“ఈ మోకాళ్ళతో పీట మీద కూచుంటే మళ్ళీ లేవలేనే నేను,” అన్నాడు.

భాగీరథమ్మ తలెత్తి ఆయనకేసి చూసింది. ఈయన కూడా వద్దంటాడా?

“కూచుంటాలే,” అన్నాడాయన కండువాతో మొహం తుడుచుకుంటూ. “లేపేదానికే ఎవరన్నా ఉండాల.”

“నేను లేపుతాను మామా,” అనేసింది అర్చన. పెళ్ళికి ఒప్పుకున్నట్టు ఆ అమ్మాయికి తెలిసేలోపే భాగీరథమ్మ తడిచేతులతోనే కోడల్ని కావిలించుకుంది.