అమ్మ ఎంచుకున్న గది

దయ్యాల సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండేది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బోగీల కింద దూరి పనిచేసినవాణ్ణి నేను. స్కేలు పెట్టి కొలవలేనిదాన్ని ఒప్పుకోవడం నాకు చేతకాదు. మా సుభాష్‌పల్లిలో ఎవరింట్లోనైనా అటక మీద అడుగుల చప్పుడు వినిపించిందంటే, ఎలకల మందు పెట్టుకోమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వినా నాకేం కోపం లేదు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

మా అమ్మ మా తెలుగు చర్చిలో ప్రభు రాత్రి భోజనానికి ద్రాక్షారసం చేసేది. గోల్ బజార్లో నల్ల ద్రాక్ష కొని, కడిగి ఆరబెట్టి, చక్కెర వేసి చేత్తో పిసికి, జాడీలో పోసి గుడ్డ కట్టేది. ఆ జాడీ దగ్గరికి మమ్మల్నెవరినీ రానిచ్చేది కాదు. ఇన్నేళ్లు రసం తీసిన మనిషి ద్రాక్షతీగను మాత్రం ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు.

"ఎప్పుడు సూడు ద్రాక్షావల్లి, ద్రాక్షావల్లి అని వాక్యం సదువుతారు. అదెలాగుంటాదో నాకు తెల్దురా" అనేది.

నాసిక్ దగ్గర ద్రాక్షారసం తీసే తోట ఒకటుందని, అందులో బయటివాళ్లకు గదులు ఇస్తారని మా వర్క్‌షాపులో ఒకాయన చెప్పాడు. బొంబాయి మెయిలు మా ఊరి మీదుగానే పోతుంది. రైల్వే వాళ్లం కాబట్టి పాసు ఉంటుంది. అమ్మ అడిగింది ఒక్కటే. ఉంటే ఆ తోటలోనే ఉండాలి, తలుపు తీస్తే తీగ కనపడాలి. ఏటా తీసుకెళ్తాననేవాణ్ణి. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. తొంభైల మొదట్లో ఒక డిసెంబరులో, జాడీకి గుడ్డ కట్టిన వారానికే అమ్మ చనిపోయింది. నేను ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో నా భార్య సుగుణ ఆ ప్రయాణం మాట మళ్లీ ఎత్తింది. "అత్తకి ఎలాగూ సూపించలేకపోనాం. మనమైనా ఎల్దాం. ఇకనించి చర్చికి రసం నేనే సెయ్యాల కదా" అంది. సరేనన్నాను.

పాసు దగ్గర ఒక పొరపాటు చేశాను. పాసులో కుటుంబ సభ్యుల పేర్లన్నీ రాయాలి. భర్త లేని తల్లి కూడా అందులోకి వస్తుంది. ఏటా చేసినట్టే పాత దరఖాస్తు ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ దించేశాను. పాసు చేతికొచ్చి, బెర్తులు కూడా తీసుకున్నాక చూసుకుంటే నాలుగు పేర్లున్నాయి. నేను, సుగుణ, మా ఏడేళ్ల పాప, అమ్మ. అప్పటికి అమ్మ పోయి రెండు నెలలు. మార్పించాలంటే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి, ఈలోగా ద్రాక్ష కోతలు అయిపోతాయి. తప్పని తెలిసే ఊరుకున్నాను.

బస దగ్గర మా ఇద్దరికీ పడలేదు. సుగుణ తోటలోనే ఉందామంది. నేను స్టేషను ఎదురుగా ఉన్న లాడ్జి అన్నాను. తోట ఊరికి దూరం, బస్సు దిగి నడవాలి, పాపకు జ్వరం వస్తే డాక్టరు దొరకడు. పగలు వెళ్లి చూసొస్తే సరిపోదా అని వాదించాను. ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. అమ్మ అడిగిన చోట అమ్మ లేకుండా పడుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. లాడ్జికి జవాబు కార్డు రాశాను. గది ఉంచుతామని జవాబు వచ్చింది. సుగుణ రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది.

రైల్లో టీటీఈ వచ్చి పాసు చూశాడు. నాలుగో బెర్తు మీద మా సంచులున్నాయి. అమ్మ గురించి ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, ఆయన అటు ఒకసారి చూసి, "చార్ ఆద్మీ, ఠీక్ హై" అని టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు. సరిగ్గా చూసి ఉండడనుకున్నాను.

రైలు ఆలస్యమై, నాసిక్‌లో దిగేసరికి పొద్దున్న పది దాటింది. లాడ్జికి వెళ్తే మేనేజరు మా గది వేరేవాళ్లకు ఇచ్చేశానన్నాడు. ఎందుకిచ్చావని గట్టిగా అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, పొద్దున్నే మీ అమ్మగారు వచ్చి వద్దని చెప్పారు కదా అన్నాడు. "హమారా లోగ్ ఇధర్ నహీ రహేగా, బగీచా మే రహేగా" అందట, మావాళ్లు ఇక్కడ ఉండరు, తోటలో ఉంటారని. ఏకవచనం, బహువచనం తేడా లేని ఆ హిందీ మా ఖరగ్‌పూర్ హిందీ. అమ్మ మాట్లాడేది అచ్చం అదే.

ఎలా ఉందని అడిగాను. తెల్ల చీర, భుజాన గుడ్డసంచి, ఎడమ చెవి తమ్మె తెగి ఉందన్నాడు. అమ్మకు చిన్నప్పుడు బరువు కమ్మ పెట్టి తమ్మె తెగింది. ఆ సంగతి ఆ ఊళ్లో ఎవరికి తెలుస్తుంది?

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఇదంతా సుగుణ పనే అనుకున్నాను. ఎవరినో పట్టుకుని నాటకం ఆడించిందనుకున్నాను. లాడ్జి గుమ్మంలోనే కడిగేశాను. నీ మాట నెగ్గించుకోవడానికి చచ్చిపోయిన మనిషిని వాడుకుంటావా అన్నాను. సుగుణ మొహం తెల్లబోయింది.

"నేనేటి సేసినాను? ఈ ఊళ్లో నాకెవులు తెలుసు? నా మీద ఇంతేనా మీ నమ్మకం?" అంది. పాప ఏడుపు మొదలుపెట్టింది. లాడ్జిలో గది లేదు కాబట్టి ముగ్గురం బస్సెక్కి తోటకు వెళ్లాం.

తోట కాపలా చూసే ముసలాయన మమ్మల్ని చూడగానే ఒక గది తలుపు తీశాడు. మూడు మంచాలు, ఉతికిన దుప్పట్లు. గుమ్మం ఎదురుగానే తీగలు, పందిరి నిండా నల్లటి గుత్తులు. పెద్దావిడ మూడు గదులూ తిరిగి చూశారని చెప్పాడు. మొదటిదానికి కిటికీ లేదన్నారట, రెండోదానిలో పులిసిన వాసన వస్తోందన్నారట. ఇది బాగుందని, దగ్గరుండి మంచాలు వేయించి, తీగల్లోకి వెళ్లారట. ఇంకా తిరిగి రాలేదు.

ముగ్గురమే కదా, మూడు మంచాలు సరిపోయాయి అన్నాను ఏదో ఒకటి అనాలని.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒకటి ఆమెకు, ఒకటి కోడలికి, ఒకటి పాపకు అన్నాడు. మరి నాకేదని అడిగాను. "మాజీ బోలీ, బేటా నహీ ఆయేగా. ఉస్‌కో ఛుట్టీ నహీ మిలా."

కొడుకు రాడు, వాడికి సెలవు దొరకలేదు అందట.

ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేదని ఇందాక చెప్పాను. అది అబద్ధం. రెండేళ్ల ముందు నాకు సెలవు దొరికింది, పాసూ దొరికింది. ఇంట్లో మాత్రం సెలవు ఇవ్వలేదని, డ్యూటీ మీద ఆద్రా జంక్షనుకు పంపుతున్నారని చెప్పి, షాపు స్నేహితులతో పూరీ వెళ్లి వారం రోజులు సముద్రం దగ్గర తాగి తిరిగాను. తిరిగొచ్చాక అమ్మ ఆద్రాలో ఎండలెలా ఉన్నాయిరా అని అడిగితే, చూసొచ్చినట్టే వర్ణించి చెప్పాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనే ఇన్నాళ్లూ నా ధీమా.

ముసలాయన నాకు నాలుగో మంచం తెచ్చి వేశాడు. మూడు రోజులున్నాం. రెండో రోజు మధ్యాహ్నం పాప ఒక గుత్తి తింటూ వచ్చి నాన్నమ్మ ఇచ్చిందంది. ముసలాయనను అడిగితే తాను ఇవ్వలేదన్నాడు. పొద్దున్నే పందిరి కింద అత్త దగ్గు వినిపించిందని సుగుణ చెప్పింది. నేను మూడు రోజులూ ఆ తీగల మధ్యే తిరిగాను. సిగ్గు విడిచి అమ్మా అని పిలిచాను కూడా. ఆకు కదల్లేదు.

తిరుగు రైల్లో నాగపూర్ దాటాక సుగుణకు పూరీ సంగతి చెప్పేశాను. పాపకు కమలాపండు ఒలుస్తూ తలెత్తకుండా వింది.

"తెలుసు" అంది. "మీరు పూరీలో ఉండగానే మీ దోస్తు పెళ్లాం ఇంటికొచ్చి సెప్పినాది. అత్తే తలుపు తీసినాది. ఆడితో అనకే, ఆడే సెప్తాడులే అన్నాది."

రెండేళ్లు. నేను ఆద్రా ఎండల గురించి చెబుతుంటే ఇద్దరూ తెలిసే విన్నారు. తెలిసే అన్నం వడ్డించారు. మోసం చేసింది నేనే, ఒప్పుకుంటాను. అయినా నా ఇంట్లో నన్నే వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టారనే బాధ నాకు ఇప్పటికీ పోలేదు. తోటలో ఆ మాట నువ్వే చెప్పించావా అని అడిగాను. సుగుణ బైబిలు మీద చెయ్యి వేసి లేదంది. నమ్మాను. మళ్లీ అడగలేదు.

పొద్దున్నే ఆ లాడ్జికి వెళ్లిందెవరో, మంచాలు వేయించిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ రకంగా ఆలోచించినా లెక్క కుదరదు. లాడ్జి మేనేజరుకు కనపడింది, కాపలా ఆయనకు కనపడింది, పాపకు గుత్తి ఇచ్చింది. నాకు మాత్రం ఎదురుపడలేదు. వచ్చి నాలుగు తిట్లు తిట్టినా పడేవాణ్ణి.