గుంతలో కాలు, గుడ్డలో సాక్ష్యం

1984లో ఆదోని మొత్తానికి ఇ.ఇ.జి. మెషీన్ ఒక్కటే ఉండేది. దాన్ని నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆలూరు మొదలు మంత్రాలయం దాకా ఎవరి తలలో ఏముందో నాకు తెలిసినంతగా వాళ్ళ భార్యలకు కూడా తెలియదని చెప్పుకునేవాణ్ణి. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ముఖ్యంగా మా ఆవిడ.

ఇ.ఇ.జి. అంటే తల చుట్టూ చిన్న చిన్న వెండి బిళ్ళలు అంటించి, మెదడులో పుట్టే సన్నటి కరెంటును కాగితం మీద గీతలుగా గీయించే పరీక్ష. మా డాక్టరు గారి నర్సింగ్‌హోమ్‌లో ఉన్న మెషీన్ బెంగళూరులో ఎవరో వాడి వదిలించుకున్నది. బరువు ఒక ఏనుగుపిల్లంత. దాని ఎనిమిది పెన్నుల్లో ఆరు చెప్పిన మాట వినేవి, ఏడోది తనకు బుద్ధి పుట్టినప్పుడు గీసేది, ఎనిమిదోది నా చొక్కా మీద గీసేది. పక్కనే పత్తి జిన్నింగు మిల్లు. అది మొదలైందంటే ప్రతి రోగి మెదడులోనూ జిన్నింగు జరుగుతున్నట్టే గీతలు వచ్చేవి. తలంటుకొని నూనె లేకుండా రమ్మంటే, పెద్ద డాక్టరు దగ్గరికి పోతున్నాం కదా అని మర్యాద కొద్దీ గిద్దెడు ఆముదం పట్టించుకొని వచ్చేవాళ్ళు. నేను అంటించిన బిళ్ళలు నుదుటి మీదుగా జారి ముక్కు దాకా ప్రయాణం చేసేవి.

అలాంటి రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి ఈరన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మగ్గం నేసేవాడు. వారానికి మూడు నాలుగు సార్లు మూర్ఛ. మూడు రకాల మాత్రలు మింగినా ఆగలేదు. వెంట భార్య ఉలిగమ్మ, అమ్మ, పక్కింటి పెద్దాయన వచ్చారు.

కొందరికి మూర్ఛ మెదడులో ఒకే ఒక్క చోట రాజుకొని తర్వాత అంతటా పాకుతుంది. ఆ చోటును ఫోకస్ అంటాం. మందులకు లొంగనప్పుడు, ఆ చోటు కచ్చితంగా తెలిస్తే, అంతవరకే ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. తెలియకపోతే కత్తి పట్టేవాడు ఉండడు. కనుక్కోవడానికి రెండు దారులు. ఒకటి మా గీతలు. రెండోది, ఒంట్లో ముందుగా ఏ భాగం కదిలిందన్నది. కుడివైపు కదిలితే మెదడులో ఎడమవైపు, ఎడమవైపు కదిలితే కుడివైపు.

"మొదట ఏది అదురుతుంది?" అని అడిగాను.

"కుడిసెయ్యి సార్," అంది ఉలిగమ్మ.

"కుడిసెయ్యే," అంది తల్లి.

"అనుమానమే లేదప్పా, నేను సూసినాను," అన్నాడు పక్కింటి పెద్దాయన. కోర్టులో కూడా ఇంత ఐకమత్యం ఉన్న సాక్షులు దొరకరు.

మా మెషీన్ కూడా వాళ్ళతో చేతులు కలిపింది. నడినెత్తికి కొంచెం ఎడమగా స్పైకులు, అంటే ముల్లులా నిక్కిన గీతలు వచ్చాయి. కాగితాలతో ఈరన్నను బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి పంపించాం. అక్కడా అదే లెక్క తేలింది. కొత్తగా వచ్చిన స్కాన్‌లో ఏమీ కనబడలేదు. సర్జన్ గారు ఉత్తరం రాశారు. ఫోకస్ ఎడమవైపు, కుడిచెయ్యిని ఆడించే చోట, మాటకు సంబంధించిన భాగానికి దగ్గరలో ఉన్నట్టుంది. కోస్తే చెయ్యి, మాట రెండూ పోవచ్చు. ఆపరేషన్ వద్దు. మగ్గం మానేసి మాత్రలు మింగుతూ ఉండాలి.

ఉత్తరం చదివి వినిపిస్తే ఈరన్న తల ఎత్తలేదు. "మగ్గమిడిసి ఏం జేయల్ల సార్? గోడకానుకోని కూసోని, ఎప్పుడొస్తాదో అని ఎదురు సూడల్లనా?" అన్నాడు.

"ఆ సర్జన్ సార్‌కు కత్తి ఇడిసిపెట్టి కూసోమని ఎవురన్నా సెప్పినారా?" అంది ఉలిగమ్మ.

మా డాక్టరు గారు ఫైలు మూసేశారు. నాకు మూసిన ఫైలు చూస్తే అరికాళ్ళు దురద పెడతాయి. ఇంకోసారి ఆలోచిద్దాం సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "నీ పని పెన్నులకు సిరా పోయడం, తీర్పులివ్వడం కాదు," అన్నారు. ఆ మాటతో ఆదివారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. బస్సులో మనుషులు నిలబడడానికి కూడా వంతులు వేసుకున్నారు.

ఈరన్నది గుంత మగ్గం. నేలలో గుంత, అందులో నేతగాని కాళ్ళు. అడుగున తొక్కడానికి రెండు కట్టెలు, కుడికాలికొకటి, ఎడమకాలికొకటి. ఒక్కో తొక్కుకు నిలువు పోగులు సగం లేచి సగం దిగుతాయి, ఆ సందులోంచి చెయ్యి నాడెను విసిరితే దాని వెంట అడ్డపోగు, అంటే పేక, పడుతుంది. నేను పోయేసరికి ఈరన్న నేస్తున్నాడు. మానేయమన్నారు కదా అంటే, "సెప్పినారు సార్, నేనేడ ఒప్పుకున్యా?" అన్నాడు.

గడప దగ్గర కూర్చొని చాలాసేపు చూశాను. నడుము పైన మనిషి కనిపిస్తున్నాడు. మోకాళ్ళ కింద ఏమీ లేదు, చీకటి.

"ఫిట్సొచ్చినప్పుడు కాళ్ళు ఎవరైనా చూశారా?" అని అడిగాను.

ఉలిగమ్మ అత్త వైపు చూసింది. అత్త పక్కింటి పెద్దాయన వైపు చూసింది. పెద్దాయన గుంత వైపు చూశాడు.

"కాళ్ళు గుంతలో ఉంటాయి గదప్పా, పండుకుంటే దుప్పట్లో," అన్నాడు చివరికి.

"మరి చెయ్యి?"

"తాళంచెవుల గుత్తి కుడిసేతిలో పెడతాం గదా సార్, ఇనుము పట్టుకుంటే తగ్గుతాదని. అది గలగల కొట్టుకుంటాది," అంది ఉలిగమ్మ.

ముగ్గురు సాక్షులూ అబద్ధం చెప్పలేదు. ఇనుము పెట్టిన చేతిని చూశారు, మోగేదాన్ని చూశారు. మొదలు మాత్రం ఎవరి కంటా పడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద కాదు, ఆ ప్రశ్న ముందే అడగని నా మీద.

"నేస్తున్నప్పుడు వస్తే ఆ గుడ్డ ఏం చేస్తారు?"

"ఎవురు తీసుకుంటారు సార్? తప్పు పడినంత మేర కోసి పెడతా, పరుపు మీదికి," అని ఉలిగమ్మ పెట్టె తెరిచింది. పదకొండు ముక్కలు. నా జీవితంలో అంత చక్కటి ఇ.ఇ.జి. అంతకు ముందు చూడలేదు.

ఆమె ఒక ముక్క వెలుతురుకు పెట్టి, నేను గీతలు చదివినట్టే చదివింది. "ఈడ దాకా బాగుండాది. ఈడ పేక రెండు పోగులు జంటగా పడినాయి, సూడు. కాలు తొక్కలేదు, సెయ్యి మాత్రం నాడె ఇసిరింది. మల్లా అదే సందులో ఇంగొకటి. మల్లా. ఈడ నాడె ఆగిపాయె."

అంటే కాలు తప్పిన తర్వాత కూడా చెయ్యి మూడు సార్లు నాడెను సక్రమంగా విసిరింది. ముందు పోయింది కాలు, చెయ్యి కాదు.

"ఏ కాలు?" అన్నాను.

"అంచులో మొదటి పోగు కుడికాలు తొక్కితే పైకి లేస్తాది, ఎడమకాలు తొక్కితే దిగుతాది. ఈడ అది దిగనే లేదు. తొక్కనిది ఎడమకాలు." పదకొండు ముక్కలూ తిప్పి చూసింది. పదకొండింటా ఎడమకాలే.

ఎడమకాలైతే మెదడులో కుడివైపు. మరి మెషీన్ ఎడమ అని ఎందుకు చెప్పింది? కాలిని ఆడించే భాగం మెదడు రెండు సగాల మధ్య సందులో, లోపలి గోడ మీద ఉంటుంది. సందులో ఒక గోడకానుకొని అరిస్తే ఎదురింటి వాళ్ళకే ఎక్కువ వినబడినట్టు, అక్కడ పుట్టిన కరెంటు నెత్తి మీద ఒక్కోసారి అవతలి వైపు బలంగా కనబడుతుంది. ఇది నా కల్పన కాదు, మా డాక్టరు గారి పుస్తకంలోనే ఉంది. ఆయన లేనప్పుడు చదివాను.

సెలవు అడిగితే ఆయన ఇవ్వలేదు. నేను తీసుకున్నాను, ఈరన్ననూ ఉలిగమ్మనూ గుడ్డముక్కలతో సహా వెంటబెట్టుకొని బయల్దేరాను. బెంగళూరులో సర్జన్ గారి గది బయట ఒక కుర్ర డాక్టరు మమ్మల్ని ఆపి, రిపోర్టు చదవడం టెక్నీషియన్ పని కాదన్నాడు. ఉలిగమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చొని, "అయితే నేను సదువుతా, నేను టెక్నీషియన్ కాదు," అంది. సర్జన్ గారే బయటికి వచ్చి కన్నడంలో ఏమిటని అడిగారు. సరిహద్దు మనిషి కదా, ఆమె కన్నడంలోనే పదకొండు ముక్కలూ ఆయన బల్ల మీద పరిచి చదివి వినిపించింది. ఆయన మొదట నవ్వారు. నాలుగో ముక్క దగ్గర కళ్ళజోడు పెట్టుకున్నారు. పదకొండోదాని దగ్గర, "మంచమివ్వండి ఇతనికి," అన్నారు.

ఈరన్నకు మాత్రలు తగ్గించి, కాళ్ళ మీద దుప్పటి లేకుండా పడుకోబెట్టారు. చేతి వైపు ఎవరూ చూడకూడదని ఆజ్ఞ. మూడో రోజు మధ్యాహ్నం నలుగురు డాక్టర్లు చూస్తుండగా ఎడమకాలి బొటనవేలు తనంతట తాను లేచి నిలబడింది. మడమ బిగుసుకుంది. చెయ్యి కదిలింది ఆ తర్వాతే.

కుడివైపు కనుక ఇప్పుడు మాటకు భయం లేదు. కాలికి ఉంది. "ఎడమకాలు పూర్తిగా పడిపోవచ్చు," అని సర్జన్ గారు చెప్పారు.

"ఆ కాలు ఇప్పుడు మాత్రం నా మాట ఇంటాందా సార్," అన్నాడు ఈరన్న. "తొక్కల్సినప్పుడు తొక్కదు. కోయండి."

ఆపరేషన్‌లో మెదడు మీదనే బిళ్ళలు పెట్టి గీతలు తీశారట. స్పైకులు కుడివైపు సందులో, కాలు భాగం పక్కనే వచ్చాయట. ఈరన్నకు మడమ కింద పట్టు తగ్గింది. ఉలిగమ్మ ఆ పాదాన్ని గుడ్డపేలికతో తొక్కుడు కట్టెకు కట్టింది, అతను తొడ బలంతో తొక్కడం నేర్చుకున్నాడు. నాకు తెలిసినంతలో ఆ తర్వాత మూర్ఛ రెండే సార్లు వచ్చింది, రెండు సార్లూ మాత్రలు మానేసినప్పుడే.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. మనుషులూ మెషీనూ ఒకే మాట మీద నిలబడితే అది నిజమైపోదు, ఇద్దరూ కలిసే తప్పవచ్చు. అందరూ చూసినదాన్ని అడగడం సులువు. ఎవరూ చూడలేని చోటు ఏదో అడగాలి. అందుకే నా రిపోర్టు కాగితం అడుగున ఒక ప్రశ్న చేర్చాను: "మూర్ఛ మొదలైనప్పుడు ఒంట్లో ఏ భాగం మీకు కనబడలేదు?" మా డాక్టరు గారు కొట్టేశారు. మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశారు. కొన్నాళ్ళకు ఆయనే ఒక రోగి తల్లిని ఆ ప్రశ్న అడుగుతుంటే తలుపు ఇవతలి నుంచి విన్నాను. కాగితం మీద మాత్రం కొట్టేస్తూనే ఉన్నారు. నేను రాస్తూనే ఉన్నాను.