దాని అయిదు, నా ఎనిమిది

మా తోడికోడలి గురించి రాయాలంటే ముందు దాని అరచేతుల గురించే రాయాలి. ఇన్నేళ్ళు బ్రెడ్డు ఫ్యాక్టరీలో పొయ్యి పక్కన పనిచేసిన మనిషికి అలాంటి చేతులు ఉండకూడదు. పసిపిల్ల బుగ్గల్లా ఉంటాయి. నావి చూస్తే అరిగిపోయిన చెప్పుల అట్టలు. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే పొయ్యి దగ్గర పనివాళ్ళం. దేవుడు ఎవరి పక్షమో ఇక మీరే చూసుకోండి.

నేను పెద్దకోడలిని. అది నా తరవాత వచ్చింది, పది పాసై మరీ వచ్చింది. నేను బడిలో కూర్చున్నదాని కంటే గోడ దూకి పారిపోయిందే ఎక్కువ. అది కాపురానికొచ్చిన కొత్తలోనే మా అత్తగారు కళ్ళజోడు తీసి పక్కన పడేసింది. మందు సీసాల మీద ఏం రాసుందో చిన్నకోడలే చదివి చెబుతుంది కదా! నా కూరలో ఉప్పుందో లేదో ఏనాడూ చెప్పని మా ఆయన సైతం ఒకరోజు, "మరదలు పోపు పెడితే వీధి చివరిదాకా వాసనొస్తుందే" అన్నాడు.

"అయితే వీధి చివరే కూర్చుని తిను" అన్నాను.

ఫ్యాక్టరీలో మాత్రం పెద్దరికం నాదే. పొయ్యి నోటి ముందు ఎత్తుపీట ఒకటుండేది. దాని మీద నేను కూర్చునేదాన్ని, అది గ్యాసు మర దగ్గర నిలబడేది. పాత మేస్త్రి నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. పొయ్యి నోటి దగ్గర అరచెయ్యి పట్టి మనసులో లెక్కపెట్టాలి. చెయ్యి దానంతటది వెనక్కి వచ్చేసరికి అయిదు వస్తే బ్రెడ్డుకి వేడి సరిపోయినట్టు. అంతకంటే ముందే వచ్చేస్తే మాడుతుంది, ఆలస్యమైతే పిండిపిండిగా ఉంటుంది. నేను అంకె చెప్పి "పెంచవే" అంటే అది "సరే అక్కా" అని మర తిప్పేది. ఒకసారి చెప్పాక మళ్ళీ చెయ్యి పెట్టి చూసే అలవాటు నాకు లేదు. చెప్పిందే మళ్ళీ చూసుకోవడానికి నేనేమన్నా నిన్నగాక మొన్న వచ్చానా? ట్రేలు బంగారు రంగులో బయటికొచ్చేవి. అందరూ నా చేతిని మెచ్చుకునేవాళ్ళు. మా తోడికోడల్ని మెచ్చుకోని చోటు ఈ లోకంలో అదొక్కటే కాబట్టి, నాకు ఆ ఎత్తుపీట సింహాసనంతో సమానం.

అలాంటిది ఓనరు కొత్త పొయ్యి తెప్పించాడు. "దీని దగ్గర ఒక్కరు చాలమ్మా, రెండో ఆవిడ ప్యాకింగుకి వెళ్ళాలి" అన్నాడు. ఆ మాట వినగానే దాని వైపు చూశాను. అది అమాయకంగా గోళ్ళు చూసుకుంటోంది.

పొయ్యి బిగించడానికి వచ్చిన మెకానిక్ పాత పొయ్యి మీద మీటరు చూశాడు. మూడు వేలు అని ఉంది. కొత్తదాన్నీ మూడు వేలకే పెట్టి ట్రే తోశాడు. బ్రెడ్డు తెల్లగా, జబ్బు మనిషి మొహంలా బయటికొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అతను నుదురు కొట్టుకున్నాడు. "నాదే పొరపాటు. పాతది కిలో కేలరీల మీటరు, కొత్తది వాట్ల మీటరు. చదరపు మీటరు మేర మీద గంటలో పడే వేడిని పాతది కేలరీల్లో చెబుతుంది. అంతే వేడిని ఇది వాట్లలో చెబుతుంది. వేడి ఒకటే, అంకె వేరు. పాతదాని వంద దీనికి నూట పదహారు చిల్లర."

"నూట పదహార్లా? ఎవరికి చదివిస్తున్నావు నాయనా?" అన్నాను. అందరూ నవ్వారు. అది మాత్రం నవ్వలేదు, పెదవులు కదిలిస్తోంది.

"అయితే మూడు వేలకి మూడు వేల నాలుగు వందల తొంభై దాకా పెట్టాలి కదండీ?" అంది.

"భలే చెప్పారండీ!" అన్నాడు మెకానిక్. ఓనరు తల పంకించాడు. నా కడుపులో ఆ పొయ్యి కంటే పెద్ద పొయ్యి రాజుకుంది. దానికి ఏ మీటరూ చాలదు.

మెకానిక్ అంకె మార్చి, పొయ్యి వేడి అందుకున్నాక, "ఆగండి. అంకెలతో బ్రెడ్డు కాలుతుందా?" అని చెయ్యి పెట్టాను. ఎనిమిది వచ్చింది. "చాల్లేదు. పెంచవే."

అది మర మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు.

"పెంచితే మాడిపోతుంది పెద్దమ్మా" అన్నాడు మెకానిక్.

"నీ వయసంత సర్వీసు నాది. ఏమే, చెవుడా? పెంచు!"

మెకానిక్ వేడి పెంచకుండా అలాగే ట్రే తోశాడు. బంగారంలా వచ్చింది. ఎప్పటి రంగే.

ఓనరు నా వైపు చూసి, దాని వైపు చూశాడు. "మరి రోజూ పెద్దమ్మ పెంచమంటుంది, నువ్వు పెంచుతావు కదా?"

అది మర మీంచి చెయ్యి తీసేసింది. తరవాత గొణిగింది: "అక్క ఎనిమిదంటే అయిదే సార్. చెయ్యి మొద్దుబారింది కదా, వేడి ఆలస్యంగా తెలుస్తుంది. నేను మార్చుకుంటాను. ఈ కేలరీలూ వాట్లూ లాగే."

"మరి మర తిప్పేదానివి కదే!" అన్నాను.

"ఇటు తిప్పి, అటు తిప్పేసేదాన్నక్కా."

ఎత్తుపీట దానికే ఇచ్చారు. ఇంకెవరికిస్తారు?

ఇంటికి వెళ్తూ దారిలో అడిగాను, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు ఆ పీట దిగిపోతావు. అప్పుడు నేనెక్కి ఆ మంట దగ్గర చెయ్యి పెట్టాలి. నా చేతులు పాడైపోవూ?" అని నవ్వింది.

ఆ మాట నిజమో, నా పరువు కోసం అల్లిందో ఇప్పటికీ తెలీదు. అల్లిందే అయితే మంచితనంలోనూ అది నన్ను దాటేసినట్టు. నిజమే అయ్యుండాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. కొత్త పొయ్యికి ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు, మీటరు చూస్తే చాలు. అంటే దాని చేతులు ఇక ఎప్పటికీ అలాగే ఉంటాయన్నమాట.

ప్యాకింగులో మొదటిరోజు పొయ్యిలోంచి ట్రే వచ్చింది. అది పీట దిగి, అందుకోవడానికి మందపాటి గుడ్డ కోసం అటూ ఇటూ వెతుక్కుంటోంది. నేను వెళ్ళి ఉత్త చేతులతో ఎత్తాను.

"అమ్మో, కాలుతుందక్కా!" అంది.

బల్ల రెండడుగుల్లోనే ఉంది. అయినా దాని ముందునుంచి, చుట్టూ తిరిగి, నిదానంగా మోసుకెళ్ళాను.