డెవలప్‌మెంట్‌లో దిగబడిన గొడుగు

ఇవాళ పొద్దున, ఇప్పుడు రియల్ ఎస్టేట్ చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు తెనాలి శివార్లలో ప్లాట్లు చూపిస్తానని కారెక్కించుకుని తీసుకెళ్లాడు. దారిలో టిఫిన్ కూడా పెట్టించాడు. నా ఇంగ్లీషు క్లాసు ఎగ్గొట్టి తిరిగినవాడు కొసరి కొసరి పెసరట్టు తినిపిస్తుంటే, అనుమానం అక్కడే మొదలైంది.

ఎర్ర గ్రావెల్ పరిచిన రోడ్డు మీద నిలబెట్టి, "రెండేళ్లలో ఇక్కడ డెవలప్‌మెంట్ చూసి మీరే ఆశ్చర్యపోతారండి మాస్టారూ" అన్నాడు.

"ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చిందయ్యా. మొదట్లో దానికి పెరగడం అని అర్థం లేదు, చుట్టిపెట్టినదాన్ని విప్పడం అని. మరి ఇక్కడ చుట్టిపెట్టిందేంటో విప్పి చూద్దామా?" అన్నాను.

రేపల్లెలో మా నాన్నగారికి రైస్ మిల్లు ఉండేది. ధాన్యం బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, లోపలి గింజ చూడనిదే ఆయన బేరం మాట్లాడేవారు కాదు. నేనూ చేతిలోని గొడుగును గ్రావెల్‌లోకి గట్టిగా గుచ్చాను. సగం దాకా దిగిపోయింది. పైకి లాగితే మొనకి నల్లటి బురద, దాంతోపాటు వరి దుబ్బు వేళ్లు.

వాడు ఏమాత్రం తడబడలేదు. "అలా గుచ్చి చూస్తే ఏ డెవలప్‌మెంటూ నిలబడదండి" అన్నాడు.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. గుంటూరు నుంచి కొనేవాళ్లతో ఇంకో కారు వచ్చి ఆగింది. మావాడు దాని దగ్గరికి పరిగెత్తి, "వాన రాదులెండి, గొడుగులు కార్లోనే వదిలేసి రండి!" అని కేకేశాడు.

మీ వైపు ప్లాట్లు చూడటానికి గొడుగు తీసుకెళ్లనిస్తున్నారా?