ఇరవై ఒక్క బీడీల కట్ట

ఆ గాయని పాటంటే నాకు రోత. సోలాపూర్‌లోని మా దాజీ పేటలో ఈ మాట పైకి అంటే నన్ను వింతగా చూస్తారు. పెళ్లి బరాత్‌లో ఆమె పాటే, పాన్ డబ్బా దగ్గర ఆమె పాటే. నేను టవళ్లు నేసే షెడ్డులో మరమగ్గాల మోతను మించి వినపడేలా పెట్టిన స్పీకర్లోనూ ఆమె పాటే. ఇదివరకు మగ్గం చప్పుడులో తేడా వస్తే చెవితోనే పట్టుకుని ఆపేవాళ్లం. ఇప్పుడు పోగు తెగినా తెలియదు, జానెడు బట్ట పాడయ్యాక చూస్తాం.

రోతకు అసలు కారణం అది కాదు. ఆ పాట మా అమ్మది.

అమ్మది అంటే ఆమె కట్టిందని కాదు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. తెలంగాణ నుంచి సోలాపూర్ వచ్చిన కొత్త కోడలు, ఇక్కడ చూసినవన్నీ పాదానికొకటి చొప్పున ఊళ్లోని చెల్లెలికి చెప్పే పాట అది. సరిగ్గా ఇరవై ఐదు పాదాలు. బీడీ కట్టలో ఉండాల్సినవి ఇరవై ఐదు మరి. అమ్మ ఒడిలో చేట పెట్టుకుని, కత్తిరించిన ఆకులో తంబాకు పోసి, పాదానికో బీడీ చుడుతుంది. పాట అయిపోతే కట్ట అయిపోయినట్టే, దారం చుట్టేస్తుంది. ఆమె వేళ్లు పెట్టి లెక్కపెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు మీసాలొచ్చాక, పేటలోని గ్రంథాలయంలో పిల్లల వాచకం ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడ నేను చదవని బీరువా ఒక్కటే మిగిలింది, అదీ దాని తాళంచెవి పోయినందువల్ల. పని చేసుకుంటూ పాడుకునే పాటల గురించి చదివినప్పుడల్లా అమ్మ పాట రాసిపెట్టాలనుకునేవాణ్ణి. అందుకని మంచి నోటుబుక్కు కూడా కొన్నాను. అది ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది.

ఈలోగా ఆ పాట గాయని చేతికి ఎలా చిక్కిందో చిక్కింది. మిల్లు భోంగా కూత, చిమ్నీ పొగ, ఆకు వాసన అన్నీ ఎగిరిపోయి పాదాలే తగ్గిపోయాయి. వాటి చోట నడుము వచ్చింది. ఆ నడుమును అటు తిప్పి, ఇటు తిప్పి, చివర్లో మూలుగు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మొదటి పాదం ఎత్తుకునేటప్పుడు ఆమె గొంతులో పలికే జీర అచ్చం మా అమ్మమ్మ గొంతులోదే. ఆ ఒక్క పాదానికి నా చేయి మగ్గం మీద ఆగుతుంది. ఆ వెంటనే డీజే మోత మొదలవుతుంది, నేను మళ్లీ పోగుల వైపు తిరుగుతాను.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం అమ్మ బీడీ కార్ఖానా నుంచి వచ్చి అన్నం ముట్టకుండా కూర్చుంది. ఎంతో అడిగితే చెప్పింది. ఆమె ఇచ్చిన కట్టల్లో ఒకదాన్ని, బీడీలు తనిఖీ చేసే చెకర్ విప్పి చూస్తే ఇరవై ఒక్కటే ఉన్నాయట. ఆడవాళ్లందరి ముందు, మరాఠీలో పిన్నిని పిలిచినట్టు పిలిచి అన్నాడట: “ఏం మావ్‌శీ, నాలుగు ఇంట్ల మర్చినవా, తోవల తాగినవా?” అందరూ నవ్వారట. తర్వాత కొత్తగా పనిలో చేరిన పిల్లతో చేయించినట్టు, అన్ని కట్టలూ విప్పించి లెక్కపెట్టించాడట.

“ఇన్నేండ్లల ఒక్క కట్ట వాపస్ రాలే. నన్ను దొంగను జేసిండు, కొడుకా.”

పక్కింటి కోడలు రోజూ అమ్మ పక్కనే కూర్చుని బీడీలు చుడుతుంది. ఫోన్ చేటలో పెట్టుకుని ఆ గాయనినే మోగిస్తుంది. నాకు అనుమానం వచ్చి అమ్మను పాడమన్నాను. ఆమె పాడింది, నేను వేళ్లు ముడిచాను. ఇరవై ఒకటి. మధ్యలో ఆ నడుము మా అమ్మ నోటి నుంచి, ఆమెకే తెలియకుండా, వచ్చి పోయింది. అంత అసహ్యం నాకు ఎప్పుడూ కలగలేదు.

“అమ్మా, గది నీ పాట గాదు.”

“మరి నాది ఏది?” అంది.

ఆ సాయంత్రమే నోటుబుక్కు తీశాను. ఊరికే కూర్చోబెడితే ఆమెకు ఏదీ గుర్తుకు రాలేదు. చేట ఒడిలోకి రాగానే వేళ్లతోపాటు పాదాలూ కదిలాయి. ‘మిల్లు భోంగ కూసెనే చెల్లె, నిద్దుర ఇడిస్తినే’ అన్న పాదాన్ని రెండుసార్లు పాడించుకుని రాసుకున్నాను. మూడు రోజుల్లో ఇరవై రెండు దొరికాయి. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది ఎంతకీ రాలేదు.

“ఆ మూడు జాగల నడుము పెట్టు అత్తా, లెక్క సరిపోతది,” అంది పక్కింటి కోడలు. కార్ఖానాలో అవమానం జరిగాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

అలాంటివి నా పుస్తకంలోకి రానివ్వనన్నాను. పాటలు ఎలా కలుషితమవుతాయో నేను చదివిందంతా వాళ్లకు చెప్పాను. అమ్మ చివరిదాకా విని ఇంకో ఆకు తీసుకుంది.

“నీకు బుక్కుల మంచి పాట గావాలె. నాకు కట్టల ఇరవై అయిదు గావాలె. రాయి.”

ఆ మూడు చోట్లా నడుమే రాశాను, ఆమె ఇరవై ఐదూ పాడుకుంది. అప్పటి నుంచి ఆమె కట్ట ఒక్కటీ వెనక్కి రాలేదు. చెకర్ మళ్లీ మావ్‌శీని కట్టలు విప్పమనలేదు. నోటుబుక్కు తెరిచినప్పుడల్లా పదిహేడో పాదం దగ్గర నా కళ్లు ఆగుతాయి. మొత్తం పుస్తకంలో నా అక్షరాలు గుండ్రంగా కుదిరింది అక్కడే. చూస్తే ఇప్పటికీ రోతే.