సాలమ్మ ఏడుపు కేసెట్

కొడకండ్ల చుట్టుపక్కల నాలుగూళ్లలో వరసైన వాళ్ల ఇంట చావు జరిగితే సాలమ్మకు మొదట కబురొచ్చేది. ఆమె కూలికి ఏడ్చే మనిషి కాదు. ఉన్నంతలో పొలం, బర్రెలు, రెండు గదుల పెంకుటిల్లు ఉన్న కాపు రెడ్ల ఇంటి కోడలు. కానీ ఆమె వచ్చి శవం కాళ్ల దగ్గర కూర్చుని గొంతెత్తిందంటే, అప్పటిదాకా గోడకు ఆనుకుని ఊరికే చూస్తున్న కోడళ్లకు కూడా కన్నీళ్లు దూకేవి. చదువు రెండో తరగతితో ఆగిపోయింది. ఏడుపు మాత్రం తల్లి దగ్గర అబ్బింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని చావు ఇండ్లకు పోయి, విని విని నోటికి వచ్చింది, అంతే.

ఆ ఏడుపుకు ఒక కట్టుబాటు ఉంది. శవం ముందర ఆడది ఏ మాటైనా అనొచ్చు. అత్త ఎట్లా సతాయించిందో, మరుదులు పొలం గెట్టు ఎట్లా జరిపారో, పోయిన మనిషి బతికుండగా ఎంత మూర్ఖంగా ఉన్నాడో, అన్నీ రాగం తీసి చెప్పొచ్చు. ఎదురుగా ఉన్న అత్త తల వంచుకుని వినాల్సిందే. శవం లేచి, ఇంట్లో నీళ్లు చల్లాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. "నువ్వు గట్లంటివి గదా" అని తర్వాత అడిగిన మనిషిని నలుగురూ చీదరించుకుంటారు. అందుకే ఆడవాళ్లు ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్నది అక్కడ కక్కేసి, తేలికైన ఒంటితో ఇంటికి పోయేవాళ్లు.

ఎనభై మూడులో, నాట్లు అయిపోయిన నెలలో, సాలమ్మ తన ఇంట్లోనే ఏడవాల్సి వచ్చింది. భర్త బుచ్చిరెడ్డి పోయాడు. గుండెనొప్పని దవాఖానకు తీసుకుపోయి తెచ్చుకున్నాక తొమ్మిది రోజులు మంచంలో ఉన్నాడు. చివరి నాలుగు రోజులు ఒకటే మాట. "లీలను పిలువు."

లీలావతి వాళ్ల ఒక్కతే బిడ్డ. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు మూతపడినప్పుడు ఆ పిల్ల తొర్రూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎన్నాళ్లకూ బడి తెరవకపోయేసరికి బుచ్చిరెడ్డి సంబంధం చూసి, అడవి పక్కన ఉన్న కొత్తగూడకు ఇచ్చేశాడు. లగ్గమైన కొద్ది రోజులకే బడి తెరిచారు. "పరీక్షన్న రాస్త బాపూ" అని పిల్ల బతిమాలితే, "ఎందుకే, కలెక్టరువైతవా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు. ఆ తర్వాత పుట్టింటికి వచ్చినా ఒక్క పూట ఉండేది. తండ్రి వసారాలో ఉంటే ఆమె పెరట్లో ఉండేది.

అట్లాంటి బిడ్డను పిలువమని ఆయన అడుగుతుంటే సాలమ్మ "రేపు పిలిపిస్త" అంటూ వచ్చింది. కోపంతో కాదు. పెండ్లయి పోయిన బిడ్డకు కబురు పెట్టారంటే ఆ ఊళ్లో దానికి ఒకటే అర్థం, మనిషి ఇక దక్కడని. తన చేత్తో ఆ కబురు పెడితే తానే ఆయన్ను సాగనంపినట్టు అనిపించింది. రేపు, రేపు అంటుండగానే అడగడం మొదలైన ఐదో రోజు పొద్దున ఆయన పోయాడు. మూడు బస్సులు మారి లీలావతి వచ్చేసరికి దహనం అయిపోయింది.

"బాపు ఏమన్న అన్నడా అవ్వా?" అని అడిగింది లీలావతి, గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా.

"ఏమనలే బిడ్డా. నిద్రల పోయిండు" అంది సాలమ్మ.

ఆ అబద్ధం ఆడక ముందే, శవం దగ్గర, నిజమంతా ఏడుపులో చెప్పేసింది. విన్నవాళ్లు కట్టుబాటు ప్రకారం అక్కడే వదిలేశారు. కాబట్టి ఆ మాట బుచ్చిరెడ్డితోనే పోయిందని ఆమె అనుకుంది.

ఆరు నెలలయ్యాక తొర్రూరులో దూరపు చుట్టం ఒకామె పోయిందని తెలిసి, ఐదో రోజు పలకరింపుకు పోయింది సాలమ్మ. కాళ్లు కడుక్కుంటుంటే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. మంచి గొంతే, ఎవరో తెలిసిన మనిషే అనుకుంది. గడప దాటేసరికి మాటలు తెలిశాయి.

*లీలొచ్చెనా అని అడిగితివి నా రాజా,*
*రేపొస్తదని నేను బొంకితి నా రాజా...*

చెంబు చేతిలోనే ఉంది. ఒక్క క్షణం ఆయన మళ్లీ పోయాడేమో, తాను ఇంకా ఆ పొద్దుట్లోనే ఉందేమో అనిపించింది. నోటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. నోరు మూసే ఉంది. గొంతు మాత్రం నట్టింట్లో పీట మీద ఉన్న టేపురికార్డరులోంచి వస్తోంది. దాని చుట్టూ పది మంది ఆడవాళ్లు కూర్చుని ముక్కులు చీదుకుంటున్నారు.

"గిదేంది?" అంది సాలమ్మ.

"ఊకో అక్కా, జర ఇననియ్యి" అని కసిరింది ఒక ముసలామె. "మా కోడండ్లు పట్నంల చదివిండ్రు. ఏడువరాదు. కేసెట్ తెచ్చి పెట్టిండ్రు. ఎవలోగని పాపం, మస్తు ఏడ్చింది."

"గది నేను."

ముసలామె ఆమెను కింది నుంచి పైకి చూసింది. "నువ్వా? నువ్వు గిక్కడున్నవు గదనే!"

సాలమ్మ చెంబు కింద పెట్టి, కేసెట్ ఎక్కడిదని అడిగింది. ఆ కేసెట్ బస్టాండు పక్కన సుదర్శన్ దుకాణంలోదని చెప్పారు. పలకరింపు కూడా మరిచి బయటికి వచ్చేసింది.

సుదర్శన్ దుకాణం అంటే మనిషి అడిగిన పాటలు ఖాళీ కేసెట్‌లో నింపి ఇచ్చే చోటు. రెండు మిషిన్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పాడుతుంటే ఒకటి రాసుకుంటోంది. సాలమ్మ తాను ఎవరో చెప్పగానే సుదర్శన్ లేచి స్టూలు వేశాడు.

"మీ మరిది హన్మంతు తెచ్చిండు అవ్వా. ఇంకో కాపీ చెయ్యమన్నడు. చేసుడు చేసుకుంట ఇన్న. నా తోటి కాలే, ఏడ్చిన. నాకొకటి పెట్టుకున్న. ఇన్నోళ్లు అడిగిండ్రు, ఇచ్చిన."

"నన్ను అడిగినవా కొడుకా?"

"సినిమా పాటలు నింపుతున్న. గవి పాడినోళ్లను అడుగుతున్ననా? వాళ్లేమన్న తొర్రూరుకు వస్తరా?"

"నేనొచ్చిన గద."

సుదర్శన్ తల గోక్కున్నాడు. "నువ్వు రాసుకున్నవా అవ్వా ఆ పాట?"

"పాట కాదది. ఏడుపు. ఎవలన్న రాసుకోని ఏడుస్తరా?"

"మరి రాసింది కాదు, పాడింది కాదు. నీదని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. ఎగతాళి చేయడం లేదు, అతనికీ నిజంగానే అర్థం కాలేదు.

"చెరిపెయ్" అంది. అతను ఆమె కళ్ల ముందే తన దగ్గరున్నది మిషిన్‌లో పెట్టి మీట నొక్కాడు. చక్రాలు తిరిగాయి. చెరిపిందో లేదో చూపించడానికి మళ్లీ వినిపించాడు. వాన దూరంగా పడుతున్నట్టు ఒక సుయ్యి మాత్రం వచ్చింది. సాలమ్మ గుండె కుదుటపడింది.

"ఇగ ఊళ్లల్ల ఉన్నయి గూడ గిట్లనే అయినట్టే గద?"

"గవి ఎట్ల చెరుగుతయి అవ్వా? దేని దానికే."

"గొంతు ఒకటే గద."

"గొంతు ఒకటే. కేసెట్లు వేరు."

ఆమె మిషిన్ వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది. ఎన్ని ఉన్నాయని అడిగితే వేళ్లు మడిచి మధ్యలో వదిలేశాడు. తీసుకున్నవాళ్ల దగ్గర ఇంకొకరు దింపుకుని ఉంటారన్నాడు. ఒకటి మాత్రం గుర్తుంది. నర్సంపేట బస్సు డ్రైవరు తన బామ్మర్దికి పట్టుకుపోయాడు. బామ్మర్దిది కొత్తగూడ.

ఆ ఊరి పేరు విన్నాక సాలమ్మకు మిగతావన్నీ చిన్నవైపోయాయి. ఊరంతా వింటే విననీ, లీల చెవిన పడితే? నాలుగు రోజులు అడిగాడని, తల్లే పిలువలేదని, పైగా ముఖం మీద అబద్ధం ఆడిందని!

ఇంటికి వచ్చి పక్కింట్లోనే ఉండే మరిదిని పట్టుకుంది. హన్మంతు కరెంటు ఆఫీసులో పని. టేపురికార్డరు ఆ వీధిలో మొదట కొన్నది అతనే. శవం ఉన్న రోజు దాన్ని ధాన్యం గుమ్మి చాటున పెట్టి మీట నొక్కానని ఒప్పుకున్నాడు.

"గ్యాపకం కోసం పెట్టిన వదినె. తప్పేంది?"

"ఒక్క మాట అడుగొద్దా?"

"అడిగితె నువ్వు గట్ల ఏడుస్తుంటివా?"

నిజమే. మిషిన్ ఉందని తెలిస్తే నోరు పెగిలేది కాదు. ఆ మాట అతని తప్పును తగ్గిస్తుందో పెంచుతుందో ఆమెకు తెలియలేదు.

"మిషిను నాది, కేసెట్ నాది. పోయింది నాకు అన్న. నీ ఒక్కదానికేనా?" అన్నాడు హన్మంతు. అంతలోనే కళ్లు తుడుచుకున్నాడు. "వదినె, ఆయన మంచం మీద మాట్లాడినయి ఎవ్వలు కేసెట్ల పట్టలే. నీ ఏడుపులనే ఉన్నయి గవి."

అతన్ని తిట్టాలనిపించింది. తిట్టలేక బర్రెలకు కుడితి పెట్టడానికి పోయింది.

మర్నాడు కొత్తగూడ పోవడానికి మొదటి బస్సు ఎక్కింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ కేసెట్ అడిగి తీసుకుని చెరువులో పారేయాలి. కానీ అడగబోతే ఎందుకని అడుగుతారు. చెప్తే లీలకు తెలుస్తుంది. చెప్పకపోతే ఎవరిస్తారు?

లీలావతి ఇంటి వాకిట్లో తండా నుంచి వచ్చిన తుల్సీబాయి ఇప్పపూలు ఆరబోస్తోంది. సాలమ్మను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా పెద్దమ్మా? నీ ఏడుపు మా తండా దాంక వచ్చింది. సగం సమజ్ గాలే. అయిన అందరం ఏడిసినం. మా బాసల గూడ గిట్లనే ఏడుస్తరు."

సాలమ్మ అరుగు మీద కూలబడింది. లీలావతి చెంబుతో నీళ్లు తెచ్చింది. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"ఇన్నవా బిడ్డా?"

"ఇనలే. డ్రైవరు బామ్మర్ది పిలిచిండు, 'మీ అవ్వ గొంతు' అని. పోలే. ఏడుపుల మాట శవం లేసినంక ఇనొద్దంటరు గద. నేనప్పుడు ఆడ గూడ లేకపోతి." తల్లి ముఖంలోకి చూసి అడిగింది. "గంత దూరం నుంచి ఎందుకొచ్చినవు? ఏమున్నది గా కేసెట్ల?"

ఇప్పుడు ఏమీ లేదని చెప్పి తిరిగిపోవచ్చు. బిడ్డ విననని అంటోంది. కానీ ఆ కేసెట్ ఆ ఊళ్లోనే, నాలుగిండ్ల అవతల ఉంటుంది. ఇవాళ వినకపోతే ఏడాదికి వింటుంది. అప్పుడు తాను పక్కన ఉండదు. సాలమ్మ నోరు తెరిచింది. రాగం లేకుండా ఆ మాట చెప్పడం ఆమెకు ఎన్నడూ అలవాటు లేదు. మాటలు మొద్దుల్లా ఒక్కొక్కటీ పడ్డాయి.

"నాలుగు దినాలు నిన్ను అడిగిండు. లీలొచ్చెనా, లీలొచ్చెనా అని. పరీక్ష రాయనియ్యకపోతి అన్నడు. నేను పిలువలే. పిలిస్తె పోతడేమో అని పిలువలే. నీకు అబద్ధం చెప్పిన."

తుల్సీబాయి పూలు వదిలేసి మెల్లగా వాకిలి దాటి పోయింది. లీలావతి చెంబు కింద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఈడనే ఉండు" అని చెప్పి చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచింది.

సాలమ్మ వెనక పోవాలా వద్దా అని లేచి, మళ్లీ కూర్చుంది. కాసేపటికి నాలుగిండ్ల అవతల నుంచి తన గొంతు మొదలైంది. ఇంత దూరం వచ్చింది దాన్ని ఆపడానికి. ఇప్పుడు ఆపాలని లేదు, వినాలనీ లేదు. ఒక చోట గొంతు ఆగింది. మళ్లీ వెనక్కి పోయి అదే మాట వచ్చింది. మళ్లీ ఆగి, మళ్లీ అదే. లీలొచ్చెనా అని అడిగితివి.

పొద్దు వాలే వేళకు లీలావతి తిరిగొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కేసెట్ చేతిలో ఉంది.

"ఇయ్యి బిడ్డా, పారేస్త. నా ఏడుపది."

"నువ్వు ఏడిస్తివి. చిన్నబాపు పట్టె. దుకాణపాయన ఎవలో ఊరూరికి పంచె" అంది లీలావతి. "అడిగింది మాత్రం నన్ను గద."

లోపలికి పోయి, ఇనపపెట్టెలో చీరల కింద పెట్టి తాళం వేసింది. తల్లి వైపు చూడకుండా పొయ్యి దగ్గర కూర్చుని బియ్యం ఏరసాగింది. తనకూ సరిపడా పోసుకుందో, ఇంట్లో వాళ్లకే పోసుకుందో సాలమ్మకు తెలియలేదు.

"నా మీద కోపమున్నదా?" అని అడిగింది.

"ఉన్నది" అంది లీలావతి, చేటలోంచి రాయి తీసి పారేస్తూ. "ఎంతున్నదో ఎర్క లేదు."