జింక జబ్బ పులుసు

అమెరికాలో, క్యారీ ఊళ్ళో, మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా పక్క క్యూబ్‌లో కూర్చునే టెస్టర్‌కి వేట పిచ్చి. నవంబర్ వచ్చిందంటే మనిషి మీటింగ్‌లో ఉన్నా మనసు అడవిలోనే ఉండేది. ఒక శనివారం తన గ్యారేజ్‌లో జింకని వేలాడదీసి కోస్తున్నాను, చూడ్డానికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి తూటా దిగిన జబ్బనీ, దాని పక్క ఎముకల్నీ చెత్త సంచీలో వేస్తున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. మాంసంలో బొమికదే అసలు రుచి అని నమ్మే ఇంట్లో పుట్టాను మరి. అవి నాకిచ్చెయ్ అన్నాను.

"కుక్క ఉందా?" అన్నాడు.

మేం తింటాం అనడానికి సిగ్గేసింది. ఉందన్నాను. ఆ సీజన్‌లో అతను కొట్టిన ప్రతి జింక జబ్బా మా ఫ్రీజర్‌కే వచ్చింది.

మా పాపకి అప్పుడు పదకొండో నెల. బొమికల పులుసు నేనే పెట్టేవాణ్ణి, వంటలో నాకున్న ఏకైక విద్య అది. బాగా కడిగి, చింతపండు రసం పోసి, సన్నసెగ మీద గంటల తరబడి మరిగించి, ఆ పులుసులో అన్నం మెత్తగా పిసికి పాపకి తినిపించేవాణ్ణి. గిన్నె ఖాళీ చేసి మళ్ళీ నోరు తెరిచేది. నా అంత తండ్రి ఇంకొకడు లేడని మురిసిపోయేవాణ్ణి, వెధవని.

ఏడాది నిండాక చెకప్‌లో పాప రక్తంలో సీసం ఎక్కువుందన్నారు. రక్తం కూడా తక్కువే అన్నారు. ఇంటి గోడల రంగు పాతదా, ఎలాంటి బొమ్మలతో ఆడుతుంది అని వరసగా అడిగిన డాక్టరమ్మ, చివరికి పాప కళ్ళకేసి చూసి, ఆ నల్లటిదేమిటంది. కాటుక. పురుడు పోయడానికి వచ్చిన మా అత్తగారు ఆముదం దీపం మీద తనే పట్టి, డబ్బాలో పెట్టి వెళ్ళారు. కొన్ని కాటుకల్లో సీసం కలుస్తుంది, ఆపి చూడండి అంది డాక్టరమ్మ.

ఇంక నాకు దొంగ దొరికేశాడు. ఇంటికి రాగానే డబ్బా చెత్తలో విసిరికొట్టాను. "మీ అమ్మ మొరటు పద్ధతులన్నీ నా కూతురి మీదేనా?" అని అరిచాను. మా ఆవిడ తల దించుకుని, "రోజూ పెట్టింది నేనేగా," అంది. పాపకి రక్తం పట్టాలని వారానికి రెండుసార్లు పెట్టే పులుసు నాలుగుసార్లు పెట్టడం మొదలుపెట్టాను.

మూడు నెలలకి మళ్ళీ టెస్ట్ చేస్తే నంబర్ ఇంకా పెరిగింది. డాక్టరమ్మకీ అంతుపట్టలేదు. మా ఆవిడ కార్పెట్ అంతా మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. పాప చేతులు ఎర్రబడేదాకా కడిగేది.

ఆ వారమే టెస్టర్ తన డెస్క్ మీద ఒక తూటా పెట్టుకున్నాడు. మొన్నటి సీజన్‌లో కొట్టిన జింకలోంచి తీసిందట, పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది.

"ఎంత బాగా పనిచేసిందో చూడు," అన్నాడు. "పైన రాగి, లోపల మెత్తటి సీసం. ఎముక తగలగానే పగిలింది. జింక అడుగు కూడా వెయ్యలేదు. తూకం వేస్తే సగమే ఉంది."

"మిగతా సగం ఏమైంది?"

"జబ్బలోనే ఉంటుంది, పొడి పొడిగా. చాలావరకు కంటికి కూడా కనపడదు. అందుకే అది మేం తినం." నా వైపు తిరిగి, "మీ కుక్క బాగానే ఉందిగా?" అన్నాడు.

బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నా బిడ్డకి ముద్ద ముద్దకీ ఊది ఊది విషం పెట్టింది నేను. ఆ సాయంత్రం మా ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న ప్యాకెట్లన్నీ బయట పెద్ద చెత్త డంప్‌స్టర్‌లో పడేశాను. అడిగితే మాంసం అయిపోయిందన్నాను. నిజం రేపు చెబుదామనుకున్నాను, ఎల్లుండి చెబుదామనుకున్నాను.

తర్వాతి టెస్ట్‌లో నంబర్ దిగింది. ఒంట్లో చేరిన సీసం పోవడానికి టైమ్ పడుతుంది అంది డాక్టరమ్మ. ఇంటికి రాగానే మా ఆవిడ ఇండియాకి చేసే కాలింగ్ కార్డ్ నంబర్ నొక్కి స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, నీ కాటుకేనే. మానేశాక ఆలస్యంగానైనా తగ్గింది."

అవతల మా అత్తగారి ఏడుపు వినిపించింది. పాప నా ఒళ్ళోనే ఉంది. నేను నోరు విప్పలేదు.

పాపకి మాటలు బాగా ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు స్కూల్లో చదవడానికి వేరే టీచర్ దగ్గర కూర్చోబెడతారు. సీసం వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. పాప ఒక్కో అక్షరం దగ్గర ఆగి నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపు నేను తట్టుకోలేను.

మాకు రెండోది పుట్టబోయే ముందు మా అత్తగారికి నేనే ఫోన్ చేసి, టికెట్ బుక్ చేస్తాను రమ్మన్నాను.

"వద్దు బాబూ, నా చెయ్యి మంచిది కాదు," అన్నారు.

"అలా అనకండి అత్తయ్యగారూ," అని ఫోన్ మా ఆవిడకిచ్చేశాను.